ఏమీ పెట్టలేదు మేడం

మా క్లినిక్‌లో రోజుకు పది సార్లయినా వినపడే మాట ఇది. టేబుల్ మీద లాబ్రడార్ పొట్ట డప్పులా ఉబ్బి ఉంటుంది. నోట్లోంచి మసాలా వాసన వస్తూ ఉంటుంది. "నిన్న ఏం పెట్టారండీ?" అంటే ఇంటాయన ఇంటావిడ వైపు చూస్తారు, ఆవిడ పిల్లల వైపు చూస్తుంది, చివరికి అందరూ కలిసి "ఏమీ పెట్టలేదు మేడం, రోజూ తినేదే" అంటారు. ఇంకో ఐదు నిమిషాలకి బిర్యానీ బయటపడుతుంది. కొన్నిసార్లు మాటల్లో, కొన్నిసార్లు వాంతిలో.

నేను రాజమండ్రిలో కుక్కలకీ పిల్లులకీ వైద్యం చేస్తాను. క్లినిక్ పెట్టి పదకొండేళ్లయింది. గన్నవరం వెటర్నరీ కాలేజీలో చదివిన ఐదున్నరేళ్లలో భుజం దాకా ప్లాస్టిక్ గ్లవ్ తొడుక్కుని గేదెలకు చూడి పరీక్షలు చేసిందే ఎక్కువ. కుక్కల వార్డు అంటే మా బ్యాచ్‌లో చాలామందికి మధ్యలో వచ్చి పోయే పోస్టింగు. నేను గవర్నమెంటు పోస్టుకి వెళ్లలేదని మా నాన్న ఇప్పటికీ బాధపడుతూనే ఉంటారు. పెళ్లిళ్లలో ఎవరైనా నన్ను "పశువుల డాక్టరు" అని పరిచయం చేస్తే, ఎదుటివాళ్లు నా చేతుల వంక ఒకసారి చూసి ఆ తర్వాత నవ్వుతారు. క్లినిక్‌కి కొత్తగా వచ్చినవాళ్లు నన్ను దాటి లోపలికి తొంగిచూసి "డాక్టరు గారు లేరామ్మా?" అనడం మాత్రం ఈమధ్య తగ్గింది.

మొన్న శివరాత్రి వెళ్లిన వారంలో ఒక పార్వో కేసు వచ్చింది. పార్వో అంటే కుక్కపిల్లలకి వాంతులు, రక్తవిరేచనాలు తెచ్చే వైరస్ జబ్బు. మాకు కొత్త కాదు, ఏడాది పొడుగునా చూస్తూనే ఉంటాం. ఈ కేసు గుర్తుండిపోయింది వేరే కారణానికి.

సోమవారం సాయంత్రం. బట్టలు ఆరేసుకునే ప్లాస్టిక్ బుట్టలో తువ్వాలు పరిచి, అందులో కుక్కపిల్లని పెట్టుకుని ఒకాయన వచ్చారు. వెనక స్కూలు యూనిఫాంలోనే ఉన్న ఎనిమిదేళ్ల పాప, ఆ వెనక మోకాళ్లు పట్టుకుంటూ నాయనమ్మ. పిల్ల లాబ్రడార్, వయసు 52 రోజులు, పసుపు రంగు. పేరు బూందీ. నాయనమ్మ పెట్టిందట. కొని ఆరు రోజులైంది. నిన్నటి నుంచి వాంతులు, పొద్దున్నించి విరేచనాలు.

బుట్ట టేబుల్ మీద పెట్టకముందే నాకు వాసన తగిలింది. ఆ వాసనని మాటల్లో చెప్పడం కష్టం. తుప్పు పట్టిన ఇనుమూ, కుళ్లిన మాంసమూ కలిసినట్టు ఉంటుంది. ఒకసారి ముక్కుకి పట్టిందంటే జీవితాంతం మర్చిపోలేం. మా కాంపౌండర్ కుర్రాడు నాతో తొమ్మిదేళ్లుగా ఉన్నాడు. నేను ఏమీ అనకముందే బయట కూర్చున్న మిగతా కుక్కపిల్లలవాళ్లని వరండాలోకి పంపేశాడు.

భుజాల మధ్య చర్మం పట్టుకుని పైకి లాగి వదిలాను. ఆరోగ్యంగా ఉన్న పిల్లకి ఆ మడత వెంటనే సర్దుకుంటుంది. దీనికి గుడారంలా అలాగే నిలబడింది. చిగుళ్లు పాలిపోయి, బంకబంకగా ఉన్నాయి. వేలితో నొక్కి వదిలితే ఎరుపు తిరిగి రావడానికి మూడు సెకన్లు పట్టింది. జ్వరం 103.4. కుక్కలకి మామూలుగా 101 నుంచి 102.5 దాకా ఉంటుంది కాబట్టి అది మరీ ఎక్కువేం కాదు. బరువు సరిగ్గా నాలుగు కిలోలు.

"ఏం పెట్టారండీ?"

"ఏమీ పెట్టలేదు మేడం. బ్రీడర్ చెప్పిన ఫుడ్డే."

"ఇంట్లో ఇదివరకు కుక్కలు ఉన్నాయా?"

"లేవండీ," అన్నారాయన. ఆ సమాధానం కాస్త తొందరగా వచ్చింది. అప్పుడు నేను పట్టించుకోలేదు.

పుల్లకి దూది చుట్టిన స్వాబ్‌తో విరేచనం కొంచెం తీసి, ద్రావకంలో కలిపి, పార్వో పరీక్ష కిట్ మీద నాలుగు చుక్కలు వేశాను. గర్భపరీక్ష కిట్ లాగే ఉంటుంది, గీతలు చూసుకోవాలి. రెండో గీత రావడానికి పది నిమిషాలు పట్టొచ్చు. మూడో నిమిషానికే ముదురుగా వచ్చేసింది. ఆ పిల్ల కార్డు మీద వారం కింద వేసిన వ్యాక్సిన్ స్టిక్కర్ ఒకటి ఉంది. ఈమధ్యే వ్యాక్సిన్ వేసిన పిల్లల్లో ఒక్కోసారి కిట్ మసకగా పాజిటివ్ చూపిస్తుంది. ఇది మసక గీత కాదు.

ఆ స్టిక్కర్ చూపిస్తూ ఆయన అడిగారు. "వ్యాక్సిన్ వేశాక వచ్చిందంటే, వ్యాక్సిన్ వల్లే కదండీ?"

ఈ ప్రశ్నకి నేను నెలకి నాలుగుసార్లు సమాధానం చెప్తాను. పుట్టిన పిల్లకి తల్లి పాల నుంచి కొంత రక్షణ వస్తుంది. అది ఉన్నన్ని రోజులూ మనం వేసే వ్యాక్సిన్‌ని కూడా పని చేయనివ్వదు. అది ఏ పిల్లలో ఏ వారం తగ్గుతుందో ఎవరం చెప్పలేం. అందుకే ఆరు నుంచి ఎనిమిది వారాల వయసులో మొదలుపెట్టి, మూడు నాలుగు వారాలకొకటి చొప్పున పదహారు వారాలు నిండేదాకా వేస్తాం. 45 రోజులకి వేసిన ఒక్క డోసు చూసుకుని పిల్లని పెరట్లో వదలడం అంటే, పునాది తవ్వి గృహప్రవేశం చేసుకోవడం లాంటిది. ఆయనకి ఇదంతా చెప్పాను. ఎంత వరకు విన్నారో తెలీదు, కళ్లు బుట్ట మీదే ఉన్నాయి.

"బతుకుద్దాండీ?"

"ఇప్పుడే చెప్పలేను. వైరస్‌కి నేరుగా మందు మా దగ్గర లేదండీ. పేగుల లోపలి పొర ఊడిపోతుంది, తెల్లకణాలు పడిపోతాయి. ఆ పొర మళ్లీ వచ్చేదాకా నాలుగైదు రోజులు పిల్లని మనం నిలబెట్టుకోవాలి. రోజుకి పద్దెనిమిది వందల దాకా అవుతుంది."

పిల్లని పన్నెండు వేలకి కొన్నారు. ఆయన మనసులో లెక్క నడుస్తోందని నాకు కనిపిస్తూనే ఉంది, ఆయన్ని తప్పు పట్టను. "ఆ డబ్బుతో ఇంకోటి వస్తుంది" అని బుట్టతో సహా వెనక్కి వెళ్లిపోయినవాళ్లూ ఉన్నారు. గాజులు తాకట్టు పెట్టి వీధికుక్కకి వైద్యం చేయించిన పాలావిడా ఉంది. పాప నోరు మూసుకుని టేబుల్ అంచు పట్టుకుని నిలబడింది. ఏడవలేదు. "మొదలుపెట్టండి," అన్నారాయన.

సెలైన్ పెట్టడం చెప్పినంత తేలిక కాదు. ముందు కాలి మీద వెంట్రుకలు ట్రిమ్మర్‌తో తీసి, స్పిరిట్ రాసి, పసుపు రంగు కాన్యులా చేతిలోకి తీసుకున్నాను. నరంలోకి సెలైన్ ఎక్కించే సూదిగొట్టం, చిన్నపిల్లలకి వాడే సన్నరకం అది. కాంపౌండర్ మోచేతి వెనక నుంచి బొటనవేలితో నొక్కి నరం పైకి లేపాలి. ఒంట్లో నీరు లేని పిల్లకి నరం ఎక్కడ లేస్తుంది? తడిసిన దారంలా వేలి కింద జారిపోతోంది. మొదటిసారి తప్పింది. రెండో కాలికి వెళ్లాను. సూది కాస్త వాలుగా పెట్టి ఊపిరి బిగబట్టి తోస్తే, కాన్యులా వెనక భాగంలో ఒక్క ఎర్ర చుక్క మెరిసింది. ఆ చుక్క కోసమే మా బతుకంతా. వెంటనే సూది వెనక్కి, గొట్టం ముందుకి, పైన ప్లాస్టర్. ఊడబెరుక్కోకుండా మందుల డబ్బా అట్టముక్క ఒకటి బద్దలా కట్టాం.

లెక్క కాగితం మీద వేసి బాటిల్‌కే అంటించాను. నాలుగు కిలోల పిల్ల ఒంట్లో 8 శాతం నీరు పోయిందనుకుంటే లోటు 320 మిల్లీలీటర్లు. రోజువారీ అవసరం కిలోకి 60 చొప్పున 240. ఇంకా పోతున్నదానికి ఓ వంద. మొదట కాస్త వేగంగా ఎక్కించి, తర్వాత చిన్నపిల్లల సెట్‌లో నిమిషానికి 25 చుక్కలకి పెట్టాం. వాంతులకీ ఇన్‌ఫెక్షన్‌కీ ఇంజెక్షన్లు పడ్డాయి. వెనక గదిలో విడిగా ఉంచాం. గది గుమ్మం దగ్గర బ్లీచింగ్ నీళ్ల ట్రే, ఆ గదికే వేరే ఏప్రాన్, వేరే చెప్పులు. రోజూ చివర్లోనే దాన్ని ముట్టుకోవాలి.

ఈ వైరస్ కుక్కల్లో 1978 ప్రాంతంలో ప్రపంచమంతటా ఒక్కసారిగా బయటపడింది. పిల్లుల్లో వచ్చే పాన్‌ల్యుకోపీనియా వైరస్‌కి దగ్గరి చుట్టం. మాకు పాఠం చెప్పిన పెద్ద ప్రొఫెసర్లలో కొందరు వాళ్లు విద్యార్థులుగా ఉన్నప్పుడు ఈ జబ్బు పేరే వినలేదు. ఇప్పుడు నా అల్మారాలో సగం సరుకు దీని కోసమే.

మంగళవారం పొద్దున బూందీ ఇంకా దిగజారింది. రక్తపరీక్షలో తెల్లకణాలు 1,900. తక్కువలో తక్కువ ఆరు వేలు ఉండాలి. జ్వరం దిగి 98కి వచ్చింది. ఇంటివాళ్లకి జ్వరం తగ్గిందంటే సంతోషం, నాకు గుండెల్లో రాయి పడుతుంది. ఒళ్లు చల్లబడుతోందంటే పిల్ల ఓడిపోతోందని. చెవి అంచు గుచ్చి గ్లూకోమీటర్‌లో చూస్తే షుగర్ 48కి పడిపోయింది. సెలైన్‌లో డెక్స్‌ట్రోజ్, అంటే గ్లూకోజ్, కలిపాం. ఖాళీ సెలైన్ బాటిళ్లలో వేడినీళ్లు పోసి, గుడ్డ చుట్టి అటూ ఇటూ పెట్టాం. పొట్ట మెల్లగా తడిమి చూశాను. ఈ విరేచనాల్లో పేగు ఒక్కోసారి తనలోకి తానే చొచ్చుకుపోతుంది, చేతికి సాసేజ్ ముక్కలా తగులుతుంది. అలాంటిదేం తగల్లేదు.

ఒక్క కుక్క దగ్గరే కూర్చుంటానంటే కుదరదు. ఆ మధ్యాహ్నమే ఒకావిడ రెండు రోజులుగా వాంతులు చేసుకుంటున్న పిల్లిని తెచ్చారు. పేరు జున్ను. "ఏమీ తినలేదండీ, అసలు ముట్టుకోవట్లేదు." పిల్లికి వాంతులంటే నేను ముందు నాలుక కింద చూస్తాను. దవడ కింద నుంచి బొటనవేలితో నాలుక పైకి నొక్కితే, మొదట్లో తెల్లటి దారం ఒకటి మెలి పడి, మాంసంలోకి కోసుకుపోయి ఉంది. తలెత్తి ఆవిడ జడ వైపు చూశాను. కొత్త మల్లెలు, మూరెడు దండ.

"వాడిన దండలు ఏం చేస్తారండీ?"

"అక్కడే మంచం మీద పడేస్తాం... అయ్యో, దాంతో ఆడుకుంటాడండీ!"

దారం పట్టుకుని లాగకూడదు. లాగితే పేగు లోపలివైపు రంపంలా కోసేస్తుంది. కడుపు తెరిచి చూస్తే, లంగా బొందు లాగినప్పుడు గుడ్డ కుచ్చులు పడినట్టు పేగంతా దారం మీద ముడుచుకుపోయింది. నాలుక దగ్గర కత్తిరించి, పేగు రెండు చోట్ల కోసి, కొంచెం కొంచెంగా తీశాం. మొత్తం తీసి గాజుగుడ్డ మీద పరిస్తే మా కాంపౌండర్ మోచేత్తో కొలిచి "ఆయ్, రెండు మూరలండి," అన్నాడు. జున్ను బతికాడు. ఆవిడ ఇప్పుడు పూలు పెట్టుకోవడమే మానేశారట. అంత అవసరం లేదండీ, దారం చెత్తబుట్టలో వేసి మూత పెడితే చాలని చెప్పాను.

నోరు తెరవడం అంటే ఇంకో సంగతి గుర్తొస్తుంది. ప్రాక్టీసు పెట్టిన నాలుగో ఏడు, ఊరి బయట నుంచి ఒక నాటుకుక్కని ఆటోలో తెచ్చారు. కింది దవడ వేలాడిపోయి, చొంగ కారుతోంది. "గొంతులో ఎముక ఇరుక్కుందండీ, చెయ్యి పెట్టి తీసెయ్యండి." అప్పటికే ఇంట్లో ఇద్దరు చెయ్యి పెట్టి వెతికారట. కాంపౌండర్ టార్చి వేసి పట్టుకున్నాడు. నా చెయ్యి సగం దూరం వెళ్లింది. ఎందుకో ఆగి "ఈమధ్య ఏదైనా కుక్క కరిచిందా దీన్ని?" అని అడిగాను. పెద్దాయన లేదన్నారు. ఆటో పక్కన నిలబడ్డ కుర్రాడు "మూడు వారాల కింద పొలం కాడ పిచ్చికుక్క పడలేదా బాబాయ్?" అన్నాడు. నేను చెయ్యి వెనక్కి తీసుకున్నాను. రేబిస్‌లో ఒక రకం ఇలాగే దవడ జారిపోయి, ఎముక ఇరుక్కున్నట్టే కనిపిస్తుంది. కుక్క రెండో రోజుకి పోయింది. మెదడు పరీక్షిస్తే తప్ప ఖాయంగా చెప్పలేం కానీ, అనుమానం చాలు. ఆ ఇంట్లో చొంగ తగిలినవాళ్లందరినీ సబ్బుతో పావుగంట చేతులు కడుక్కోమని చెప్పి, అప్పటికప్పుడు గవర్నమెంటు ఆస్పత్రికి పంపాను. నాకు ముందే టీకాలు పడి ఉన్నాయి కాబట్టి మళ్లీ రెండు డోసులతో సరిపోయింది. ఆ కుర్రాడు ఆ రోజు ఆటో ఎక్కకపోయి ఉంటే? అప్పటి నుంచి నేను ఎదురుగా నిలబడి మాట్లాడేవాళ్ల కంటే పక్కన ఊరికే నిలబడ్డవాళ్లని ఎక్కువ అడుగుతాను.

అడగకపోతే ఏమవుతుందో కూడా నాకు తెలుసు. ఇంకా వెనక్కి, రెండో ఏడు. ఎనిమిదేళ్ల పొమరేనియన్, పేరు పింకీ. అన్నం మానేసింది, వాంతులు, నీళ్లు మాత్రం గిన్నెలకి గిన్నెలు తాగుతోంది. గ్యాస్ట్రిక్ అనుకుని రెండు రోజులు ఇంజెక్షన్లు వేశాను. హీట్‌కి, అంటే ఎదకి, ఎప్పుడొచ్చిందని అడగనే లేదు. కోడలు పిల్ల ఏదో చెప్పబోయింది, పక్కన మామగారు ఉన్నారని ఆగిపోయిందని తర్వాత తెలిసింది. మూడో రోజు స్కానింగ్ చేస్తే గర్భసంచి నిండా చీము. ఆపరేషన్ చేయని ఆడకుక్కలకి వయసు మీద పడ్డాక, హీట్ అయిపోయిన ఒకటి రెండు నెలలకి వచ్చే జబ్బు అది. గర్భసంచి మూతి మూసుకుపోయి ఉంటే చీము బయటకి కూడా రాదు, అడిగితేనే తెలుస్తుంది. టేబుల్ ఎక్కించేసరికే ఆలస్యమైంది. తప్పు ఆ అమ్మాయిది కాదు. ఆ ప్రశ్న నాది. ఇప్పుడు ఆడకుక్క ఏ జబ్బుతో వచ్చినా, కాలు కుంటుతూ వచ్చినా సరే, ముందు అదే అడుగుతాను. కొందరు విసుక్కుంటారు.

బుధవారం. బూందీకి మూడో రోజు. వాంతులు కొంచెం తగ్గాయి. కాలేజీలో మాకు వాంతులు పూర్తిగా ఆగేదాకా నోటి ద్వారా ఏమీ ఇవ్వొద్దని చెప్పేవారు. ఇప్పుడు ఆ పద్ధతి మారింది. పేగుకి తిండి తగిలితేనే దాని పొర త్వరగా తిరిగొస్తుంది. సిరంజితో గంటకి రెండు మూడు మిల్లీలీటర్లు, దవడ పక్క నుంచి. ఉడికించిన చికెన్ మిక్సీలో వేసి పల్చగా వడగట్టిన నీళ్లు. సగం ఉమ్మేసింది. సగం మింగింది.

సాయంత్రం నాయనమ్మా, పాపా వచ్చారు. నాన్న డ్యూటీలో ఉన్నారట. వెనక గది గుమ్మం దగ్గర కుర్చీ వేయించాను, లోపలికి రానివ్వలేదు. పెద్దావిడ చాలాసేపు బూందీ వైపే చూసి, గొంతు తగ్గించి అంది. "ఇదివరకటిదీ ఇలాగే పోయిందమ్మా. రక్తం రక్తం వెళ్లి. సంక్రాంతికి ముందు."

"ఇదివరకటిదా?"

"మా అబ్బాయి చెప్పలేదా? ఇల్లు అచ్చిరాలేదంటారేమోనని ఎవరికీ చెప్పొద్దన్నాడు. ఇదే గిన్నె. పెరట్లో అదే గూడు."

లెక్క కుదిరింది. సోమవారానికి పిల్ల ఇంటికొచ్చి ఆరు రోజులు, జబ్బు మొదలై రెండు రోజులు. పార్వో ఒంట్లోకి వెళ్లిన దగ్గర్నించి బయటపడటానికి మూడు నుంచి ఏడు రోజులు పడుతుంది. మట్టిలో, నీడలో ఆ వైరస్ నెలల తరబడి బతికి ఉంటుంది, ఏడాది ఉన్నా ఆశ్చర్యం లేదు. ఫినాయిల్ వేసి కడిగామనుకుంటారు, దానికి లొంగదు. ఆ సంగతి సోమవారమే తెలిసి ఉంటే వైద్యం మారేది కాదు, నిజమే. కానీ ఆయన ఈ మూడు రోజులూ బ్రీడర్‌తో ఫోన్లో గొడవ పడుతూనే ఉన్నారు. ఆ పెరట్లో పక్కింటి వాళ్ల రెండు నెలల పిల్ల రోజూ వచ్చి ఆడుకుని పోతోంది.

నేను పక్కింటి వాళ్ల నంబరు అడిగి తీసుకుంటుంటే, పాప నా ఏప్రాన్ అంచు పట్టుకుని లాగింది. వంగితే చెవిలో చెప్పింది. "నేను పుల్లైస్ పెట్టాను. సగం. ఆదివారం."

నాకు అప్పుడర్థమైంది సోమవారం అంత బిగుసుకుపోయి ఎందుకు నిలబడిందో. మూడు రోజులుగా తన పుల్లైస్ వల్లే ఇదంతా అనుకుంటోంది. స్కూల్లో కూర్చుని, రాత్రి పడుకుని, అదే అనుకుని ఉంటుంది.

"ఏ రంగు పుల్లైస్?"

"ఆరెంజ్."

"పుల్లైస్‌తో ఈ జబ్బు రాదమ్మా. ఇది పురుగు. కంటికి కనపడనంత చిన్న పురుగు. మీ పెరట్లో మట్టిలో ముందు నుంచే ఉంది. నువ్వు పుల్లైస్ పెట్టకపోయినా వచ్చేది."

"ప్రామిస్?"

"ప్రామిస్. పుల్ల మాత్రం పెట్టకు, మింగేస్తే నేను కడుపు కోయాలి."

అప్పుడు ఏడ్చింది. బాగా ఏడ్చింది. నాయనమ్మ కంగారుపడి "ఏమన్నారమ్మా దాన్ని?" అంటే, ఏమీ లేదండీ అన్నాను. చూశారా, నేనూ ఆ మాట అనేశాను.

ఆ రాత్రి ఆయనకి ఫోన్ చేశాను. మందలించే ఉద్దేశం నాకు లేదు, ఇల్లు కడగడం గురించి చెప్పాలి అంతే. కాసేపు అవతల ఏమీ మాట్లాడలేదు. "మీరు నవ్వుతారేమో అనుకున్నానండీ. ఒకటి పోయాక రెండు నెలలకే ఇంకోటి తెచ్చారా అంటారని," అన్నారు. ఒక వంతు బ్లీచ్‌కి ముప్పై వంతుల నీళ్లు కలిపి సిమెంటు నేలంతా తడిపి, పది నిమిషాలు ఉంచి కడగమన్నాను. ముందు సబ్బుతో మురికి పోగొట్టాలి, మురికి మీద బ్లీచ్ పనిచేయదు. గూడు కాల్చేయడమే మేలు, గిన్నె పారేయండి, మట్టి ఉన్న వైపు పిల్లల్ని తిప్పొద్దు అని చెప్పాను. పక్కింటి పిల్లకి మర్నాడే డోసు వేయించాం. దానికి ఏమీ కాలేదు.

గురువారం తెల్లకణాలు 4,300కి వచ్చాయి. ఒళ్లు వెచ్చబడింది. నేను గదిలోకి వెళ్తే తల ఎత్తలేదు గానీ, తోక ఒక్కసారి నేలకి తగిలిన చప్పుడైంది. మధ్యాహ్నం చికెన్ పీచు ఒకటి వేలి మీద పెట్టి ముక్కు దగ్గర ఉంచితే నాకింది. రెండోది నోట్లోకి తీసుకుంది. మూడోదానికి నా వేలు కూడా కలిపి కొరికింది. పాలపళ్లు గుండుసూదుల్లా ఉంటాయి. ఆ నొప్పి ఎంత బాగుందో!

శుక్రవారం పొద్దున నేను ఇంకా స్కూటీ స్టాండ్ వేస్తుండగానే కాంపౌండర్ వరండాలోకి పరిగెత్తుకొచ్చాడు. "మేడం! గట్టిగా వెళ్లిందండీ! ముద్దగా!" వరండాలో పగ్‌తో కూర్చున్న పెద్దమనిషి ఒకాయన పేపరు దించి మా ఇద్దరినీ వింతగా చూశారు. మేమిద్దరం వెనక గదికి వెళ్లి, నేల మీద ఆ చిన్న గోధుమరంగు ముద్దని అలాగే నిలబడి చూశాం. ఫోటో కూడా తీశాడు. ఇలాంటి ఫోటోలు నా ఫోన్లో చాలా ఉన్నాయి. పెళ్లిళ్లలో ఎవరైనా నా ఫోన్ తీసుకుని గ్యాలరీ తిరగేస్తే నాకు కంగారు అందుకే.

శనివారం ఇంటికి పంపాం. బరువు 3.7. మూడు నాలుగు వారాల దాకా దీని విరేచనంలో వైరస్ పోతూ ఉండొచ్చు, బయట తిప్పొద్దు. పార్వో ఇక దీనికి మళ్లీ రాకపోవచ్చు, కానీ డిస్టెంపర్ లాంటి వేరే జబ్బులు ఉన్నాయి కాబట్టి మిగతా డోసులు మానొద్దు. కొంచెం కొంచెంగా రోజుకి ఐదారుసార్లు పెట్టండి. ఇదంతా కాగితం మీద రాసిచ్చాను. ఆయన బిల్లు కట్టి, చిల్లర తీసుకోకుండా, దండం పెట్టబోయి ఆగి, మళ్లీ పెట్టారు. నాకు దండాలు అలవాటు లేవు. "డోసుకి తేదీ మర్చిపోకండి," అన్నాను.

నాలుగు వారాల తర్వాత తేదీకే వచ్చారు. నలుగురూ. బూందీ బుట్టలో పట్టడం లేదు, పట్టీ వేసి నడిపించుకొచ్చారు. బరువు 8 కిలోల మీద ముల్లు ఆడుతోంది. నన్ను చూసి వెనక్కి తగ్గింది, కాంపౌండర్‌ని చూసి ఒళ్లంతా ఊపింది. సూదులు వేసేది నేను, చికెన్ పెట్టేది అతను, న్యాయమే.

వ్యాక్సిన్ సిరంజిలోకి తీస్తూ ఎప్పట్లాగే అడిగాను. "ఏమైనా పెట్టారా?"

"ముందే చెప్పేస్తున్నానండీ," అన్నారాయన. "నిన్న మా మేనల్లుడి పెళ్లి. పూర్ణాలు తినేసింది. రెండు."

విరేచనాలు, వాంతులు ఏమైనా అయ్యాయా అని అడిగాను. లేదన్నారు. జ్వరం చూశాను, 101.6. పొట్ట మెత్తగా ఉంది. వ్యాక్సిన్ వేయొచ్చు. కార్డు వెనక రాసుకున్నాను: పూర్ణాలు, రెండు.

"మూడు," అంది పాప.